క్లోండైక్ నాటి పాత ఫొటోలకు చోటు, తేదీ, వివరణ పక్కాగా రాయడం ఎలా

అలాస్కా క్రూజ్‌కి వెళ్ళొచ్చిన మనవాళ్ళు స్కాగ్వేలో కొన్న పాత ఫొటోల కాపీలు చూపించి ఒకే మాట అడుగుతున్నారు: "ఇది ఎక్కడ తీసింది? ఏ సంవత్సరం? కింద రాసింది నమ్మొచ్చా?" పిల్లల స్కూల్ ప్రాజెక్టు కోసం అడిగేవాళ్ళూ ఉన్నారు, తెలుగులో ఫొటో వ్యాసం రాద్దామనుకునేవాళ్ళూ ఉన్నారు.

ఈ మార్గదర్శి 1896 నుంచి దాదాపు 1905 దాకా అలాస్కా, కెనడాలోని యూకాన్ ప్రాంతాల్లో తీసిన ఫొటోల కోసం. యూకాన్‌లోని క్లోండైక్ నది దగ్గర బంగారం దొరికిందని జనం ఎగబడి వెళ్ళిన "బంగారు పరుగు" కాలం అది. స్కాగ్వే అటు వెళ్ళే దారి మొదలయ్యే అలాస్కా రేవు, డాసన్ బంగారం దొరికిన చోటి ముఖ్యమైన ఊరు. కనుమల మీద బరువులు మోసే మనుషులు, కుక్కల బళ్ళు, పడవలు, గుడారాలు, డాసన్ వీధులు... ఈ బాపతు బొమ్మలన్నిటికీ ఇది పనికొస్తుంది.

ఒక్క నియమం ముందే చెప్తాను, మిగతాదంతా దాని మీదే నడుస్తుంది. "ఇది ఏ సంవత్సరం?" అని అడగకండి. "ఏ తేదీకి ముందు తీసి ఉండదు? ఏ తేదీ తర్వాత తీసి ఉండదు?" అని అడగండి. ఈ రెండు హద్దులూ దొరికితే ఫొటో దానంతట అదే తన కాలం చెప్తుంది.

1. పని మొదలుపెట్టే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- పెద్ద తెర ఉన్న కంప్యూటర్. ఫోన్‌లో ఈ పని కుదరదు.
- అసలు కాగితపు ఫొటో అయితే భూతద్దం, స్కేలు, మెత్తటి పెన్సిల్.
- స్కాగ్వే నుంచి డాసన్ దాకా చూపించే మ్యాప్, కొండల ఎత్తుపల్లాలు కనిపించేది.
- ఒక నోట్‌బుక్. ఒక్కో ఫొటోకి ఒక్కో పేజీ.

పేజీని నిలువుగా మూడు భాగాలు చేయండి: కళ్ళకు కనిపించినది, పాత వివరణలో ఉన్నది, నా ఊహ. ఈ మూడూ కలిసిపోవడం వల్లే సగం తప్పులు జరుగుతాయి. ఎంత చిన్న ఫొటో అయినా ఈ విభజన మానకండి.

2. సరైన ఫైల్ తెచ్చుకోవడం

వాట్సాప్‌లో వచ్చిన బొమ్మ మీద పని చేయొద్దు. అది ఎన్ని చేతులు మారిందో, ఎవరు ఎంత కత్తిరించారో తెలియదు. అంచులు పోతే సగం ఆధారాలు పోయినట్టే.

అసలు బొమ్మ ఉన్న సంస్థ దగ్గరికి వెళ్ళండి. సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ లైబ్రరీస్, వాషింగ్టన్ డీసీలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, జూనోలోని అలాస్కా స్టేట్ లైబ్రరీ, వైట్‌హార్స్‌లోని యూకాన్ ఆర్కైవ్స్, కెనడా జాతీయ ఆర్కైవ్స్: వీటన్నిటి దగ్గరా ఈ ఫొటోలు ఉన్నాయి, చాలావరకు ఆన్‌లైన్‌లో చూడొచ్చు. సియాటిల్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళకు ఇంకో సౌకర్యం ఉంది. క్లోండైక్ గోల్డ్ రష్ నేషనల్ హిస్టారికల్ పార్క్‌కి స్కాగ్వేతో పాటు సియాటిల్ పయనీర్ స్క్వేర్‌లో కూడా ఒక విభాగం ఉంది. ఒక శనివారం పిల్లల్ని తీసుకుని వెళ్ళి రావచ్చు.

దించుకునేటప్పుడు:

- దొరికినంతలో పెద్ద ఫైల్ తీసుకోండి. టిఫ్ (TIFF) రకం ఫైల్ ఉంటే అదే మేలు.
- ఆ సంస్థ ఇచ్చిన గుర్తింపు సంఖ్యను వెంటనే ఫైల్ పేరులో చేర్చండి.
- అంచులు, కింద రాసిన అక్షరాలు, వెనక వైపు ఏదీ కత్తిరించొద్దు.
- వాడుకునే హక్కుల గురించి ఆ పేజీలో రాసింది చదివి నోట్‌బుక్‌లో రాసుకోండి.

మీ దగ్గర కాగితపు ఫొటో ఉంటే: చేతులు కడిగి బాగా ఆరాక అంచులు మాత్రమే పట్టుకోండి. స్కాన్ చేసేటప్పుడు మామూలు సైజు ఫొటోకి 600 డీపీఐ (అంగుళానికి చుక్కలు), చిన్నదైతే 1200. వెనక వైపు కూడా స్కాన్ చేయండి. స్కానర్‌లో "ఆటో కరెక్షన్" ఆపేయండి. మరకలు పోవాలని స్పిరిట్, తడిగుడ్డ లాంటివి పొరపాటున కూడా తగిలించొద్దు.

ఇంకో ముఖ్యమైన మాట. బొమ్మను స్పష్టంగా చేస్తామనే ఏఐ యాప్‌లను ఈ దశలో దగ్గరికి రానివ్వకండి. అవి మసకగా ఉన్న బోర్డు మీద లేని అక్షరాలు పుట్టిస్తాయి, లేని ముఖాలు గీస్తాయి. ఆ తర్వాత మీరు చదివేది 1898 నాటి బోర్డు కాదు, యాప్ రాసిన బోర్డు.

3. వివరణ మూసేసి పది నిమిషాలు చూడండి

ఈ మెట్టు చాలామంది దాటేస్తారు. దయచేసి దాటేయకండి. కింద "చిల్‌కూట్ కనుమ, 1898" అని చదివాక మీ కళ్ళు అదే వెతుకుతాయి, దానికి పొసగనివి కనపడినా పట్టించుకోవు.

బొమ్మను అడ్డంగా మూడు, నిలువుగా మూడు గడులుగా ఊహించుకోండి. ఒక్కో గడినీ జూమ్ చేసి, కనిపించిన ప్రతి వస్తువునూ పేరుతో రాయండి. "జనం" అని రాయొద్దు. "ఎనిమిది మంది మగవాళ్ళు, ఇద్దరి టోపీల మీద నుంచి దోమతెర వేలాడుతోంది, ఒకడి చేతిలో తెడ్డు" అని రాయండి. ఆ దోమతెర చిన్న విషయంలా ఉంటుంది. కానీ అది కనిపించిందంటే మంచు కరిగి దోమలు లేచిన వేసవి అన్నమాట. ఒక్క వలగుడ్డతో తొమ్మిది నెలలు కొట్టేయొచ్చు.

రంగుల విషయంలో ఒక హెచ్చరిక. ఆనాడు కెమెరాలో ఫిల్ముకు బదులు వాడిన గాజు పలకలకు నీలం వెలుగు ఎక్కువ అందేది, ఎరుపు దాదాపు అందేది కాదు. అందుకే నీలాకాశం తెల్ల కాగితంలా, ఎర్ర చొక్కా నల్లగా వస్తాయి. అమెరికా జెండాలో ఎర్ర చారలు చీకటిగా, నీలం ముక్క పాలిపోయి కనిపిస్తుంది. ఎండకు కమిలిన ముఖాలు ఉన్నదానికంటే నల్లగా వస్తాయి. కాబట్టి ఒంటి రంగును బట్టి ఎవరు ఏ జాతివారో తేల్చొద్దు. ఆకాశం తెల్లగా ఉందని "మబ్బు పట్టిన రోజు" అని కూడా రాయొద్దు. నేల మీద నీడలు గట్టిగా ఉంటే అది ఎండ రోజే.

4. బొమ్మ తిరగబడిందేమో చూడండి

గాజు నెగెటివ్‌ను తిప్పి ముద్రిస్తే కుడి ఎడమవుతుంది. చోటు గుర్తుపట్టే ముందే ఇది తేల్చుకోవాలి.

- బోర్డుల మీద, సంచుల మీద అక్షరాలు సరిగ్గా ఉన్నాయా?
- అక్షరాలు లేకపోతే మగవాళ్ళ కోటు చూడండి. వేసుకున్నవాడి ఎడమ వైపు అంచు కుడి అంచు మీదికి రావాలి.
- డాసన్‌లో నది ఒడ్డునున్న ఫ్రంట్ స్ట్రీట్ మీద నిలబడి ఉత్తరంగా తీసిన బొమ్మ అయితే నది ఎడమ చేతి వైపు ఉండాలి. కుడి వైపు ఉంటే తిరగబడినట్టే.

5. చోటు: మనుషుల్ని వదిలి కొండల్ని చూడండి

గుడారాలు నెలలో మారతాయి, ఊళ్ళు ఏడాదిలో మారతాయి. కొండ గీత మారదు. కాబట్టి ఆకాశం, కొండ కలిసే గీతను ఒక కాగితం మీద గీసుకుని, చోటు తెలిసిన ఫొటోలతో, నేటి ఫొటోలతో పోల్చండి.

దారుల క్రమం తలలో ఉంటే సగం పని అయినట్టే. సముద్రతీరంలో పక్కపక్కనే రెండు ఊళ్ళు: డాయీ, స్కాగ్వే. డాయీ నుంచి చిల్‌కూట్ దారి, స్కాగ్వే నుంచి వైట్ పాస్ దారి. చిల్‌కూట్ దారి పొడవు 53 కిలోమీటర్లు. షీప్ క్యాంప్, స్కేల్స్, చివరి నిటారు ఎక్కుడు, శిఖరం, క్రేటర్ సరస్సు, లిండెమన్ సరస్సు, బెనెట్ సరస్సు: ఇదీ వరుస. బెనెట్ నుంచి పడవల్లో మైల్స్ కాన్యన్, వైట్‌హార్స్ సుడులు దాటి, యూకాన్ నది వెంట డాసన్.

తేలిగ్గా పట్టుకోగల గుర్తులు:

- మంచు గోడ మీద చీమల బారులా ఒకరి వెనక ఒకరు ఎక్కుతున్న మనుషులు: చిల్‌కూట్ చివరి ఎక్కుడు.
- ఇరుకైన రాతి దారి, గుర్రాలు, గుర్రాల కళేబరాలు: ఎక్కువగా వైట్ పాస్. ఆ దారిలో దాదాపు 3,000 గుర్రాలు చచ్చిపోయాయి.
- ఊరి వెనక కొండకు పెద్ద గాయం తగిలినట్టు జారిపోయిన మట్టి: డాసన్. దాన్ని మూజ్‌హైడ్ స్లైడ్ అంటారు, ఊరికి ఉత్తరం కొసన ఉంటుంది. అది ఎదురుగా కనిపిస్తే కెమెరా ఉత్తరం వైపు చూస్తోందన్నమాట.
- సరస్సు ఒడ్డున సగం కట్టిన పడవలు, దుంగను ఎత్తున పెట్టి ఒకడు పైన ఒకడు కింద నిలబడి రంపం లాగుతుండడం: లిండెమన్ లేదా బెనెట్.

ఆఖరిది జాగ్రత్త. లిండెమన్, బెనెట్ రెండింటినీ కలిపేయడం సర్వసాధారణం. కొండ గీతతో పోల్చుకోకుండా ఏదో ఒక పేరు రాయొద్దు.

6. తేదీకి రెండు హద్దులు కట్టడం

మనసు పెట్టాల్సింది ఇక్కడే.

మొదటి హద్దు: బొమ్మలో ఉన్నది ఎప్పుడు వచ్చింది? రెండో హద్దు: బొమ్మలో ఇంకా ఉన్నది ఎప్పుడు పోయింది, లేదా ఉండాల్సింది ఇంకా ఎందుకు లేదు? ఈ పోలికకు కొన్ని తేదీలు చేతిలో ఉండాలి. ఇవి రాసి గోడకు అంటించుకోండి.

మొత్తం ప్రాంతానికి:

- 1896 ఆగస్టు 16: బొనాంజా వాగులో బంగారం దొరికింది.
- 1897 జులై 17: క్లోండైక్ బంగారంతో పోర్ట్‌లాండ్ ఓడ సియాటిల్ చేరింది. జనం వరద దీని తర్వాతే.
- 1898 ఫిబ్రవరి: కనుమల మీద కెనడా మౌంటెడ్ పోలీసుల తనిఖీ కేంద్రాలు, బ్రిటిష్ జెండా.
- 1898 ఏప్రిల్ 3: చిల్‌కూట్ దారిలో మంచు విరుచుకుపడి 60 మందికి పైగా చనిపోయారు.
- 1898 మే 29: బెనెట్ సరస్సు మీద మంచు విడిపోయింది. ఆ తర్వాతి రోజుల్లో 7,000కు పైగా పడవలు బయల్దేరాయి.
- 1899 ఫిబ్రవరి 20: రైలు వైట్ పాస్ శిఖరం చేరింది.
- 1899 జులై 6: రైలు బెనెట్ చేరింది.
- 1900 జులై 29: స్కాగ్వే నుంచి వైట్‌హార్స్ దాకా రైలు మార్గం పూర్తయింది.

డాసన్‌కు:

- 1898 అక్టోబర్ 14, 1899 ఏప్రిల్ 26: రెండు పెద్ద అగ్నిప్రమాదాలు. రెండోదానిలో 117 కట్టడాలు పోయాయి.
- 1899 జులై: పాలెస్ గ్రాండ్ థియేటర్ తెరిచారు.
- 1900: పోస్టాఫీసు కట్టడం. 1901: కమిషనర్ నివాసం, పరిపాలనా భవనం.
- 1902: వైట్‌హార్స్ నుంచి డాసన్‌కు చలికాలపు రోడ్డు. గుర్రాలు లాగే పెద్ద ప్రయాణికుల స్లెడ్జ్ బళ్ళు దీని మీద నడిచేవి.

ఇప్పుడు బెనెట్ ఉదాహరణ చూద్దాం. అక్కడ సెయింట్ ఆండ్రూస్ అనే చర్చి 1899లో కట్టారు, ఇప్పటికీ నిలబడి ఉంది. ఊరంతా కనిపించే బొమ్మలో చర్చి లేదు, పట్టాలు లేవు, గుడారాలే ఉన్నాయి: అంటే 1899కి ముందుది. చర్చి ఉంది, పట్టాలు లేవు: 1899 మొదటి సగం. పట్టాలు, రైలు పెట్టెలు ఉన్నాయి: 1899 జులై తర్వాతది. చర్చి, పట్టాలు ఉన్నాయి గానీ చుట్టూ జనం పలచబడ్డారు: 1900 వేసవిలో మార్గం పూర్తయ్యాకే ఆ ఊరు ఖాళీ అయింది కాబట్టి అటువైపు చూడాలి. ఒక్క చర్చి, ఒక్క జత పట్టాలు ఎంత పని చేశాయో చూశారు కదా.

స్కాగ్వేకి కూడా ఇలాంటి గుర్తు ఒకటుంది. ఆర్కిటిక్ బ్రదర్‌హుడ్ అనే సంఘం హాల్ ముందు గోడకు వేల కొద్దీ కొట్టుకొచ్చిన కర్రముక్కలు మేకులతో కొట్టి ఉంటాయి. ఆ ముఖంతో హాల్ కనిపిస్తే అది జనం ఎగబడిన 1897-98 చలికాలపు ఫొటో కానే కాదు.

కాగితం కూడా మాట్లాడుతుంది. పోస్ట్‌కార్డు అయితే వెనక్కి తిప్పండి. చిరునామాకు, ఉత్తరానికి మధ్య గీత ఉంటే అమెరికా కార్డు 1907 మార్చి తర్వాతది. కెనడాలో ఆ పద్ధతి కొంచెం ముందే, 1903 చివర మొదలైంది. కానీ గుర్తుంచుకోండి: అది కార్డు ముద్రించిన తేదీ. 1898 నాటి నెగెటివ్‌ను 1908లో కార్డుగా అచ్చేసి అమ్మడం మామూలే. కార్డు తేదీ, ఫొటో తేదీ వేరువేరుగా రాయండి. అట్ట మీద జంట బొమ్మలున్న స్టీరియో కార్డు అయితే కాపీరైట్ సంవత్సరం తరచూ అట్ట మీదే అచ్చయి ఉంటుంది. బొమ్మ ఆ ఏడాది లేదా దానికి ముందు తీసినదన్నమాట. అది రెండో హద్దుగా పనికొస్తుంది.

7. నెల, పూట పట్టుకోవడం

యూకాన్ నది డాసన్ దగ్గర మామూలుగా అక్టోబర్, నవంబర్‌లలో గడ్డకట్టి మేలో విడిపోతుంది. కనుమల మీద మాత్రం జూన్‌లో కూడా మంచు ఉంటుంది. కాబట్టి కనుమ ఫొటోలో మంచు కనిపిస్తే "చలికాలం" అని తేల్చొద్దు. ఊరి ఫొటోలో చెట్ల ఆకులు చూడండి.

నీడలు చదవడంలో మనకు ఒక ఇబ్బంది ఉంది. మన కళ్ళు మన ఎండకు అలవాటుపడ్డాయి. డాసన్ 64 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడ జూన్ నడిమధ్యాహ్నం సూర్యుడు దాదాపు 49 డిగ్రీల ఎత్తు వస్తాడు. హైదరాబాద్‌లో డిసెంబర్ మధ్యాహ్నం సూర్యుడు ఉండే ఎత్తు అది! డిసెంబర్ చివర డాసన్‌లో మధ్యాహ్నం కూడా రెండున్నర డిగ్రీలకు మించి లేవడు. అందుకే పొడుగు నీడ చూసి "సాయంత్రం" అని రాయొద్దు. అది మిట్టమధ్యాహ్నం కావచ్చు. జూన్‌లో అర్ధరాత్రి తీసినవని రాసి ఉన్న ఫొటోలు కూడా అబద్ధాలు కాకపోవచ్చు, ఆ రోజుల్లో అక్కడ పూర్తి చీకటి పడదు.

8. పాత వివరణలోని మాటలు: తెలుగులోకి తెచ్చేటప్పుడు పడే గోతులు

ఇప్పుడు వివరణ తెరిచి చదవండి. ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్ళే ఇక్కడ ఎక్కువ పొరబడుతున్నారు, ఎందుకంటే మాటలన్నీ తెలిసినట్టే ఉంటాయి.

అన్నిటికంటే పెద్ద తప్పు: "ఇండియన్ ప్యాకర్స్" అని ఉంటే "భారతీయ కూలీలు" అని రాసేయడం. అక్కడ ఇండియన్ అంటే ఆ నేల మూలవాసులు. చిల్‌కూట్ దారిలో అయితే ఎక్కువగా ట్లింగిట్ జనం. ఆ దారి తరతరాలుగా వాళ్ళ చేతిలో ఉన్న వ్యాపార మార్గం. ఆడవాళ్ళు, పిల్లలు కూడా బరువులు మోసేవారు. "ప్యాకర్" అంటే సామాను కట్టలు కట్టేవాడు కాదు, కిరాయికి బరువు మోసేవాడు.

మిగతావి:

- అవుట్‌ఫిట్: బట్టలు కాదు. ఒక మనిషి ఏడాది బతకడానికి కావలసిన మొత్తం సరంజామా. దాదాపు ఒక టన్ను. అది లేనిదే పోలీసులు సరిహద్దు దాటనిచ్చేవారు కాదు.
- కాష్: డబ్బు కాదు. దారి పక్కన పోగేసి పెట్టుకున్న సామాను, లేదా జంతువులకు అందకుండా గుంజల మీద కట్టిన చిన్న కొట్టు.
- బార్: మందు దుకాణం కూడా కావచ్చు, నదిలో ఇసుక మేట కూడా కావచ్చు. బొమ్మ చూసి తేల్చండి.
- బెంచ్: కూర్చునే బల్ల కాదు. వాగు పైన కొండవాలులో ఉన్న చదును నేల.
- పప్: కుక్కపిల్ల కాదు. పెద్ద వాగులో కలిసే చిన్న పాయ.
- క్లీన్-అప్: ఊడ్చి శుభ్రం చేయడం కాదు. చలికాలమంతా తవ్విపోసిన మట్టిని వసంతంలో కడిగి బంగారం తీయడం.
- డిస్కవరీ: వాగులో మొదట బంగారం దొరికిన చోటు. "17 బిలో" అంటే ఆ చోటు నుంచి దిగువకు 17వ గని జాగా.
- స్కేల్స్: త్రాసు బొమ్మలో వెతకొద్దు, అది ఊరి పేరులాంటిది. ఎక్కుడు మొదలయ్యే ముందు బరువులు మళ్ళీ తూచిన చోటు.
- చీచాకో: కొత్తగా వచ్చినవాడు. సావర్‌డో: అక్కడ చలికాలం గడిపిన పాతకాపు.

పాత వివరణల్లో మూలవాసుల గురించి అవమానకరమైన మాటలు కూడా ఉంటాయి. వాటిని తెలుగులో మీ మాటగా రాయొద్దు. "పాత వివరణ" అని విడిగా పెట్టి, మీ వివరణలో ఆ జనం తమను తాము పిలుచుకునే పేరు రాయండి. తీరంలో ట్లింగిట్, డాసన్ దగ్గర ట్రోండెక్ హ్వెచిన్. జనం వరద మొదలయ్యాక ట్రోండెక్ హ్వెచిన్ వాళ్ళు క్లోండైక్ నది కలిసేచోట ఉన్న తమ మకాం వదిలి, డాసన్‌కు దిగువనున్న మూజ్‌హైడ్‌కు తరలిపోయారు. అక్కడి గుడిసెల ఫొటోకి "డాసన్ శివారు" అని రాస్తే వాళ్ళ కథ చెరిపేసినట్టే.

9. ఎవరు తీశారు?

బొమ్మ మూలన తెల్లటి అక్షరాలతో పేరు ఉంటే అది నెగెటివ్ మీద రాసింది. ఆ పేరు తీసినవాడిది కావచ్చు, అమ్మినవాడిది కావచ్చు.

ఈ ప్రాంతంలో తరచూ కనిపించే పేర్లు: ఎరిక్ హెగ్, ఫ్రాంక్ లా రోష్, జూనోలో స్టూడియో పెట్టిన వింటర్ అండ్ పాండ్, డాసన్‌లో లార్స్ అండ్ డుక్లోస్, గనుల దగ్గరి గ్రాండ్ ఫోర్క్స్‌లో కిన్సీ సోదరులు. స్టూడియోలు చేతులు మారేవి, నెగెటివ్‌లూ వాటితోపాటే పోయేవి.

పేరు ఎంత మోసం చేస్తుందో ఆసాహెల్ కర్టిస్ సంగతి చూస్తే తెలుస్తుంది. ఉత్తరానికి వెళ్ళి చలిలో ఫొటోలు తీసింది ఆసాహెల్. 1898 మార్చిలో సెంచరీ పత్రికలో అవి వచ్చింది అతని అన్న ఎడ్వర్డ్ కర్టిస్ పేరు మీద. ఆ తర్వాత అన్నదమ్ముల మధ్య మాటలు లేకుండా పోయాయని అంటారు.

కాబట్టి ఇలా రాయండి: "బొమ్మ మీద పేరు: ఫలానా. అదే బొమ్మ ఇంకెక్కడైనా వేరే పేరుతో ఉందా: చూశాను / చూడలేదు." నెగెటివ్ మీద పేరు పక్కన ఉండే నంబర్ల వరుసను తేదీల వరుసగా తీసుకోవద్దు.

10. నమూనా: ఒక బొమ్మను మొదటి నుంచి చివరి దాకా

మీ ముందు ఇలాంటి బొమ్మ ఉందనుకోండి. సరస్సు ఒడ్డు, వందల గుడారాలు. ముందు భాగంలో అడుగు బద్దలు మాత్రమే వేసిన పడవ, దాని పక్కన రంపపు పొట్టు కుప్ప. సరస్సు మీద తెల్లటి పొర, ఒడ్డు దగ్గర అది కరిగి నల్లటి నీటి చార. చర్చి లేదు, పట్టాలు లేవు. కింద "బెనెట్" అని ఉంది.

నోట్‌బుక్ పేజీ ఇలా వస్తుంది:

- కనిపించినది: మంచు విడవడం మొదలైంది, ఇంకా పూర్తి కాలేదు. పడవలు నీటిలో లేవు.
- మొదటి హద్దు: ఇన్ని గుడారాలు 1897 జులై తర్వాతే. మంచు విడిచే కాలం కాబట్టి 1898 వసంతం.
- రెండో హద్దు: 1898 మే 29, ఆ రోజు మంచు విడిపోయింది. 1899 వసంతం కాదు, ఎందుకంటే చర్చి లేదు, గుడారాల రద్దీ ఉంది.
- చోటు: కొండ గీతను బెనెట్ తెలిసిన ఫొటోతో పోల్చాను, కలిసింది.

అప్పుడు వివరణ: "బెనెట్ సరస్సు ఒడ్డు, బ్రిటిష్ కొలంబియా. మంచు విడిచే ముందు పడవలు కట్టుకుంటున్న ప్రయాణికులు. బహుశా 1898 మే. తేదీకి ఆధారం: కరుగుతున్న మంచు, చర్చి, రైలు పట్టాలు లేకపోవడం."

ఆఖరి వాక్యం తప్పకుండా రాయండి. రేపు ఇంకొకరు మీ తేదీ సరిదిద్దాలంటే మీరు దేని మీద నిలబడ్డారో వాళ్ళకు తెలియాలి. పడవ ముందు భాగం మీద పెద్ద నంబర్ కనిపిస్తే అది కూడా రాసుకోండి. 1898లో పోలీసులు పడవలకు నంబర్లు వేసి, అందులో ఉన్నవాళ్ళ పేర్లు నమోదు చేశారు.

11. తరచూ జరిగే తప్పులు, వాటికి మందు

పడవ పేరు చూసి మోసపోవడం. "క్లోండైక్" అని రాసి ఉన్న చక్రపు పడవ ఫొటోకి నేను ఒకసారి 1898 అని రాసేశాను. ఆ పేరుతో ప్రసిద్ధమైన పడవ మొదటిది 1929లో, రెండోది 1937లో కట్టినవి. ఒక పెద్దాయన ఓపిగ్గా సరిదిద్దారు. అప్పటి నుంచి పడవ పేరు కనిపిస్తే ముందు అది ఎప్పుడు కట్టారో చూశాకే కలం పడుతున్నాను.

డ్రెడ్జ్ యంత్రాన్ని బంగారు పరుగు కాలానికి అంటగట్టడం. నీళ్ళలో తేలుతూ మట్టి మింగే పెద్ద యంత్రం, దాని వెనక గుండ్రాళ్ళ దిబ్బలు కనిపిస్తే అది కంపెనీల కాలం. చేతిపార, కట్టెల మంటతో గడ్డకట్టిన నేల కరిగించడం, చెక్క కాలువలో మట్టి కడగడం అంతకు ముందటివి.

ప్రతి ఎక్కుడునూ చిల్‌కూట్ అనడం. కొండ గీతతో తేల్చుకోండి. గుర్రాలు ఆ చివరి నిటారు మెట్లు ఎక్కలేవు. అందుకే శిఖరం దగ్గర బరువు మోస్తున్న గుర్రాలు కనిపిస్తే వైట్ పాస్ కూడా చూడండి.

రంగులద్దిన బొమ్మను అసలుగా పంచడం. రంగు వేస్తే వేసినట్టు రాయండి, అసలు బొమ్మను పక్కనే పెట్టండి.

హక్కుల గురించి భయపడటం, లేదా అసలు పట్టించుకోకపోవడం. కెనడాలో 1949కి ముందు తీసిన ఫొటోలకు కాపీరైట్ లేదు. అమెరికాలో 1900 ప్రాంతంలో ప్రచురించినవాటికి గడువు దాటిపోయింది. అయినా ఏ సంస్థ దాచిందో ఆ పేరు, గుర్తింపు సంఖ్య రాయడం మర్యాద, రేపు వెతికేవాళ్ళకు దారి కూడా.

12. పంచే ముందు ఆఖరి తనిఖీ

- బొమ్మ తిరగబడలేదని చూశాను.
- కొండ గీత పోల్చాను.
- తేదీకి రెండు హద్దులు, ఒక్కోదానికీ ఒక ఆధారం రాశాను.
- ఫొటో తేదీ, ముద్రణ తేదీ విడిగా ఉన్నాయి.
- "ఇండియన్", "బార్", "పప్", "అవుట్‌ఫిట్" సరిగ్గా తెలుగు చేశాను.
- సంస్థ పేరు, గుర్తింపు సంఖ్య ఉన్నాయి.
- ఊహకు "బహుశా" పెట్టాను.

ఇంత చేశాక కూడా పాత వివరణ తప్పని మీకు గట్టిగా అనిపిస్తే ఆ ఆర్కైవ్‌కు ఉత్తరం రాయండి. గుర్తింపు సంఖ్య, మీరు చూసిన ఆధారం, పోల్చిన ఇంకో ఫొటో సంఖ్య: ఈ మూడూ ఉంటే నాలుగు వాక్యాలు చాలు. మీ ఆధారం (చర్చి లాంటిది) కనిపిస్తున్న చోట ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టిన కాపీ ఒకటి జత చేయండి.